90 రోజుల్లో షుగర్ రివర్స్ అంటున్నారు, ఆ 46 శాతం లెక్క మా నాన్నకి వర్తిస్తుందా?

భీమవరం_చిన్నోడు

అందరికీ నమస్తే. మా నాన్నకి 58 ఏళ్లు, నాలుగేళ్లుగా షుగర్ ఉంది. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 74 కేజీలు. చూడ్డానికి లావేం కాదు గానీ బొజ్జ ఉంది, ఎరువుల కొట్లో పొద్దస్తమానం కూర్చునే పని మరి. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన బిళ్ల రెండు పూటలా వేసుకుంటారు, బీపీకి టెల్మిసార్టాన్. మొన్న చేయిస్తే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే టెస్ట్) 7.8 వచ్చింది.

ఈమధ్య ఆయన స్నేహితుడొకాయన ఏదో క్లినిక్‌కి తీసుకెళ్లాడు. 90 రోజుల ప్యాకేజీ అట, 45 వేలట, షుగర్ పూర్తిగా పోతుంది, మొదటి రోజు నుంచే బిళ్లలన్నీ మానేయొచ్చు అని చెప్పి పంపారు. పైగా ఒక స్లైడ్ చూపించారట, బ్రిటన్‌లో చేసిన పరిశోధన, లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, 46 శాతం మందికి షుగర్ లేకుండా పోయింది అని. అసలు అలాంటి పరిశోధన ఉందా లేక వీళ్లు అల్లేశారా? ఉంటే మా నాన్నలాంటి మనిషికి పనికొస్తుందా? ఆయనేమో డబ్బు కట్టేస్తానని కూర్చున్నారు, నాకు టెన్షన్‌గా ఉంది.

వార్డు_డ్యూటీ

పరిశోధన నిజమే తమ్ముడూ. దాని పేరు డైరెక్ట్. స్కాట్లండ్‌లోనూ ఇంగ్లండ్‌లోని టైన్‌సైడ్‌లోనూ చేశారు, న్యూకాసిల్ ప్రొఫెసర్ రాయ్ టేలర్, గ్లాస్గో ప్రొఫెసర్ మైక్ లీన్ నడిపించారు, 2017 డిసెంబర్లో లాన్సెట్‌లో వచ్చింది. నేను మెడిసిన్ పీజీని, మా జర్నల్ క్లబ్‌లో దీన్ని చీల్చి చెండాడాం కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు ఎవర్ని చేర్చుకున్నారో చూడాలి. 20 నుంచి 65 ఏళ్ల వాళ్లు, షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లు, ఇన్సులిన్ మొదలుపెట్టనివాళ్లు, బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 27 నుంచి 45 మధ్య ఉన్నవాళ్లు. దాదాపు అందరూ తెల్లవాళ్లే, సగటు బరువు 100 కేజీల దగ్గర. వాళ్లకి మూడు నుంచి ఐదు నెలల పాటు మామూలు తిండి పూర్తిగా ఆపేసి, రోజుకి సుమారు 850 కేలరీలొచ్చే షేకులు, సూపులు మాత్రమే ఇచ్చారు. తర్వాత మెల్లమెల్లగా మామూలు తిండికి తెచ్చారు. మందులు మొదటి రోజే ఆపింది నిజమే, క్లినిక్ వాళ్లు అక్కడ అబద్ధం చెప్పలేదు. కాకపోతే ఆ ఆపడం వెనక శిక్షణ పొందిన నర్సో డైటీషియనో ఉండి మాటిమాటికీ చెక్ చేశారు, షుగర్ గానీ బీపీ గానీ పెరిగితే మళ్లీ మందు మొదలుపెట్టారు.

ఏడాది తిరిగేసరికి ఈ గుంపులో 46 శాతం మంది మందుల్లేకుండా హెచ్‌బీఏ1సీ 6.5 కంటే తక్కువలో ఉన్నారు, మామూలు వైద్యం తీసుకున్న గుంపులో 4 శాతమే. స్లైడ్ అక్కడితో ఆగిపోయి ఉంటుంది. అసలు విషయం దాని తర్వాతి టేబుల్లో ఉంది. బరువు అస్సలు తగ్గనివాళ్లలో ఒక్కరికీ షుగర్ పోలేదు. ఐదు కేజీల లోపు తగ్గినవాళ్లలో 7 శాతం, 5 నుంచి 10 తగ్గితే 34, 10 నుంచి 15 తగ్గితే 57, 15 కేజీలు ఆపైన తగ్గితే 86 శాతం. అంత తగ్గగలిగింది మాత్రం పాతిక శాతం లోపే. పని చేసింది బరువు, షేకులో ఏ మహత్యమూ లేదు. రెండో ఏడాదికి 46 కాస్తా 36 అయింది. ఐదేళ్ల దాకా సాయం కొనసాగించి చూసిన 85 మందిలో ఇంకా రెమిషన్‌లో, అంటే మందుల్లేకుండా షుగర్ 6.5 లోపే, ఉన్నది 13 శాతం. బరువు తిరిగొచ్చిన వాళ్లకి షుగరూ తిరిగొచ్చింది. "పూర్తిగా పోతుంది" అనేవాళ్లని ఈ 13 గురించి అడగమను నాన్నగారిని.

గోదారి_గట్టు

ఇదంతా మనం చూడనిదా ఏంటి. ఆమధ్య కొబ్బరినూనె తాగమన్నారు, మా మావయ్య తాగాడు, భలే సన్నబడ్డాడు, ఊళ్లో అందరికీ క్లాసులు పీకాడు. ఏడాది తిరక్కుండానే అన్నం మొదలెట్టాడు, బొజ్జతో పాటు షుగరూ వచ్చేసింది. తర్వాత చిరుధాన్యాలు, కొర్రలు అండుకొర్రలు అంటూ రెట్టింపు ధర పెట్టి కొన్నాడు, అవీ ఫుల్లుగా తిన్నాడు. ఇప్పుడు ఈ లాన్సెట్ అట. 45 వేలు దండగ, పొలం గట్టు మీద రోజూ గంట నడవమను మీ నాన్నని.

వార్డు_డ్యూటీ

@గోదారి_గట్టు అన్నా, మీ మావయ్య కథా డైరెక్ట్ ఐదేళ్ల ఫలితమూ ఒకటే చెబుతున్నాయి కదా. ఏ డైట్ అయినా తగ్గిస్తుంది, నిలబెట్టుకోవడమే కష్టం. ఇంకోటి, ఇలాంటి డైట్లు మొదలుపెట్టేవాళ్లు వాడే బిళ్ల పేరు చూసుకోవాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడుతూ అన్నం గిన్నం మొత్తం బంద్ చేస్తే, మీటర్‌లో షుగర్ పెద్దగా పెరక్కుండానే రక్తంలో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు వచ్చే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరిగిపోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసంతో క్యాజువాలిటీకి వస్తారు, మీటర్‌లో 180 చూసి ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకుంటారు.

టైన్_ఒడ్డున

నేను న్యూకాసిల్‌లోనే ఉంటాను, మాది నిజామాబాద్. ఆ పరిశోధన తర్వాత ఇక్కడ ఎన్‌హెచ్‌ఎస్ (సర్కారు వైద్య సేవ) వాళ్లు దాన్నే ప్రోగ్రాంగా పెట్టారు, మా డాక్టర్ చెబితే చేరాను. 12 వారాలు పొద్దున ఒక ప్యాకెట్, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి, నీళ్లలో కలుపుకోవడం, షేక్ చేయడం, తాగడం. టమాటా సూప్ అని ఇచ్చేదాంట్లో మిరియాల పొడి, కాస్త నిమ్మరసం వేసుకుంటే చారు తాగుతున్నట్టు మనసుకి సర్దిచెప్పుకోవచ్చు, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు. మొదటి వారం తలనొప్పి, తర్వాత మలబద్ధకం, ఇంట్లో హీటర్ ఉన్నా ఒకటే చలి. ఇవన్నీ వస్తాయని ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. నాకు అసలు కష్టం ప్యాకెట్లు అయిపోయాకే మొదలైంది, వారాంతం వస్తే చాలు ఏదో ఒక ఇంట్లో బిర్యానీ. 88 నుంచి 77కి దిగాను, ఇప్పుడు 80. మందు లేకుండా 6.3లో ఉన్నాను.

ఇక్కడ చేర్చుకునేటప్పుడు తెల్లవాళ్లకి బీఎంఐ 27 ఉండాలి, మనలాంటి ఆసియా వాళ్లకి 25 ఉంటే చాలు. మీ నాన్నగారిది లెక్కేస్తే 26 పైనే వస్తోంది. వయసు, నాలుగేళ్ల షుగర్, అన్నీ సరిపోతున్నాయి, ఇక్కడుంటే తీసుకునేవాళ్లే. అయితే ఈ ప్రోగ్రాం ఫలితాలు 2024లో వచ్చాయి, రెండుసార్లు హెచ్‌బీఏ1సీ చేయించుకున్నవాళ్లలో 27 శాతం మందికే రెమిషన్. ట్రయల్‌లోని 46 బయటికొచ్చేసరికి 27 అయింది, అదీ ఫీజు ఏమీ లేకుండా సర్కారు ఖర్చుతో.

భీమవరం_చిన్నోడు

అందరికీ థ్యాంక్స్. ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. ఒక డౌటు. వాళ్లందరూ 100 కేజీల మనుషులు, నాన్న 74. ఆయన 15 కేజీలు తగ్గితే 59కి వస్తారు, అమ్మ అయితే మనిషి ఏమైపోతాడని ఏడుస్తుంది. లావుగా లేనివాళ్లకి కూడా ఇది పనిచేస్తుందా?

వార్డు_డ్యూటీ

మంచి ప్రశ్న. దీని మీదే రాయ్ టేలర్ బృందం రీట్యూన్ అని ఇంకో చిన్న పరిశోధన చేసింది, బీఎంఐ 27 లోపు ఉన్న 20 మంది మీద. ఒక్కో విడతలో ఒంటి బరువులో 5 శాతం చొప్పున తగ్గించారు, మహా అయితే మూడు విడతలు. 20లో 14 మందికి రెమిషన్ వచ్చింది. 20 మందే కాబట్టి దాన్ని పట్టుకుని 70 శాతం అని పోస్టర్ వేయకూడదు, ఎవరో ఒకరు వేస్తారనుకో. టేలర్ చెప్పేదేంటంటే ప్రతి మనిషికీ చర్మం కింద కొవ్వు దాచుకోవడానికి ఒక హద్దు ఉంటుంది. గాదె నిండాక ధాన్యం వసారాలో పోసుకున్నట్టు, ఆ హద్దు దాటిన కొవ్వు లివర్లోకి, అక్కడి నుంచి ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్‌లోకి చేరుతుంది. 2011లో 11 మందికి రోజుకి 600 కేలరీలిచ్చి చూస్తే వారం తిరిగేలోపే పరగడుపు షుగర్ మామూలైంది, లివర్ కొవ్వు గబగబా దిగింది.

మనవాళ్లకి ఆ హద్దు తక్కువ. పుణె కేఈఎం ఆసుపత్రి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ ప్రొఫెసర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్‌లో పక్కపక్కన నిలబడిన ఫొటో ఒకటి వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. ఇద్దరూ సన్నగానే కనిపిస్తారు. అందుకే మనకి బీఎంఐ 23 నుంచే జాగ్రత్తపడమంటారు, మగవాళ్లకి నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదంటారు. నాన్నగారి బొజ్జ టేపు పెట్టి కొలు.

ఆయనకి 15 కేజీల లక్ష్యం అక్కర్లేదు. ముందు 5 శాతం, అంటే మూడున్నర నాలుగు కేజీలు.

పోషకాహారం_పద్మ

నేను డైటీషియన్‌ని. మన దేశంలో చేసిన పని గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రెండు ముక్కలు. షుగర్ మీద ఐసీఎంఆర్ దేశమంతా చేసిన ఇండియాబ్ సర్వేలో 18,090 మంది తిండి వివరాలు తీసుకుని 2022లో ఒక అంచనా ఇచ్చారు. మనకొచ్చే కేలరీల్లో 60 శాతానికి పైనే పిండి పదార్థాల నుంచి వస్తున్నాయి, అది 50 దరిదాపులకి దించి ప్రోటీన్‌ని 20 దరిదాపులకి తీసుకెళ్తే కొత్తగా షుగర్ వచ్చినవాళ్లకి రెమిషన్ అవకాశం పెరుగుతుందని. ఇది సర్వే మీద కట్టిన లెక్క, మనుషులకి పెట్టి చూసిన ట్రయల్ కాదు, ఆ తేడా మర్చిపోవద్దు. అయినా దిశ సరైనదే.

వంటింటి భాషలో చెప్పాలంటే పొద్దున నాలుగిడ్లీల బదులు రెండు పెసరట్లు, ఉప్మా లేకుండా. మధ్యాహ్నం అన్నం ఒక చిన్న గిన్నె, దానికి రెట్టింపు కూర, గట్టి పప్పు, గుడ్డో చేపో. భీమవరం మనుషులకి చేపల గురించి నేను చెప్పక్కర్లేదు గానీ వేపుడు వద్దు, పులుసు పెట్టండి. రాత్రి జొన్నరొట్టె అయినా లెక్కపెట్టే తినాలి, జొన్నలోనూ పిండే.

చిన్నోడా, నీ సంగతేంటి? తండ్రికి షుగర్ ఉంటే నీకూ ముప్పే. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం షుగర్ అంచున ఉన్న 531 మందిని మూడేళ్లు చూసింది. ఏమీ చేయని గుంపులో 55 శాతం మందికి షుగర్ వచ్చింది, తిండి, నడక మార్చుకున్న గుంపులో 39.3 శాతానికి. నువ్వూ ఒకసారి పరగడుపున టెస్ట్ చేయించుకో బాబూ.

భీమవరం_చిన్నోడు

సరే మేడమ్, చేయించుకుంటాను. నాన్నతో మాట్లాడాను, 45 వేలు ప్రస్తుతానికి ఆగాయి. కానీ ఈ రోజు పొద్దున్నుంచే అన్నం మానేస్తానని పంతం పట్టారు, బిళ్ల మామూలుగానే వేసుకున్నారు. పర్లేదా?

వార్డు_డ్యూటీ

పర్లేదనుకోకు. గ్లిమిపిరైడ్ తిండితో సంబంధం లేకుండా ఇన్సులిన్‌ని బయటికి తోస్తుంది, అన్నం మానేసి ఆ బిళ్ల వేసుకుంటే షుగర్ పడిపోతుంది. ఈ పూట మామూలుగా తినమను, రేపే మీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి "తిండి తగ్గిస్తున్నాం, డోసు ఎంత తగ్గించాలి" అని అడుగు, బీపీ బిళ్ల గురించి కూడా. మెట్‌ఫార్మిన్ ఒక్కదానితో అయితే ఇంత భయం ఉండదు. మీటర్ కొట్లో గల్లాపెట్టె పక్కనే పెట్టుకోమను. చెమటలు, వణుకు వస్తే చూసుకోవాలి, 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకి మళ్లీ చూసుకోవాలి.