సెల్ఫ్ రెగ్యులేటింగ్ కేబుల్ వేస్తే జోన్ 1లో లిమిటర్ అక్కర్లేదా?

వేడితీగ:
సాల్వెంట్ లైన్‌కి ట్రేస్ హీటింగ్ (పైపు వెంట కరెంట్ కేబుల్ కట్టి వేడిగా ఉంచడం) వేయాలి. ఏరియా జోన్ 1 (మామూలు పనిలోనే పేలే గ్యాస్ ఉండే అవకాశమున్న చోటు), టెంపరేచర్ క్లాస్ టీ3 (ఉపరితలం వేడికి పరిమితి). సెల్ఫ్ రెగ్యులేటింగ్ కేబుల్ అనుకున్నాం. డిజైన్ వాళ్లేమో థర్మోస్టాట్ కాకుండా వేరే ఓవర్ టెంపరేచర్ లిమిటర్ (వేడి హద్దు దాటితే కరెంట్ ఆపేసేది) కూడా ఉండాలంటున్నారు. వేడెక్కితే తనే తగ్గే కేబుల్‌కి మళ్లీ కాపలా ఎందుకండీ?

ఎర్త్‌పిట్:
అక్కర్లేదు. రెండు రాగి తీగల మధ్య కార్బన్ కలిపిన పాలిమర్ ఉంటుంది, వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ పెరిగి కరెంట్ తగ్గుతుంది, అదీ పొడవునా ఎక్కడికక్కడే. లిమిటర్ సెన్సర్ చూసేది ఒక్క చోటే. కేబుల్ సర్టిఫికెట్‌లో లిమిటర్ పెట్టాలనే లాంటి ఏ షరతూ లేకుండా టీ3 ఇచ్చారంటే వాళ్లు టెస్ట్ చేసే ఇచ్చారు. పైగా పెట్టిన ప్రతి సెన్సర్‌కీ ఇంకో బాక్స్, ఇంకో గ్లాండ్ (కేబుల్ బాక్స్‌లోకి దిగే చోట బిగించేది), నీళ్లు దూరడానికి ఇంకో దారి.

పాతకాపు:
తగ్గడం వేరు, ఆగడం వేరు. అది స్విచ్ కాదు, ఎంత వేడిలోనైనా కొంత కరెంట్ లాగుతూనే ఉంటుంది. టీ3 అంటే ఉపరితలం 200 డిగ్రీలు దాటకూడదని మాత్రమే. మీ సాల్వెంట్ 80 డిగ్రీలకే పాడయ్యేదైతే ఆ సర్టిఫికెట్ మీ ప్రోడక్ట్‌ని కాపాడదు కదా? లిమిటర్ అడిగేవాళ్లు చాలాసార్లు ఈ రెంటినీ కలిపేస్తారు, వద్దనేవాళ్లూ అంతే.

ఎర్త్‌పిట్:
ఒప్పుకుంటా, కానీ అది ప్రాసెస్ వాళ్ల గొడవ, పేలుడు గొడవ కాదు. సిరీస్ కేబుల్, ఎంఐ కేబుల్ (మెటల్ గొట్టంలో ఖనిజపు పొడి ఇన్సులేషన్ ఉండేది) అయితే నేనూ లిమిటరే అంటా. వాటి వాటేజ్ మారదు, పైపుకి సరిగా అంటకుండా లేచిన చోట షీత్ (పై తొడుగు) వేడి ఎక్కడికో పోతుంది. ఎంత చెడ్డ పరిస్థితిలోనైనా టెంపరేచర్ క్లాస్ దాటదని లెక్కల్లో చూపించలేకపోతే లిమిటర్ తప్పదు, అదీ ట్రిప్ అయ్యాక మనిషి వెళ్లి రీసెట్ చేసేది, సెన్సర్ తెగితే కరెంట్ ఆపేసేది. థర్మోస్టాట్ ఇంకోటి పెట్టి దాన్నే లిమిటర్ అంటే కుదరదు.

కోల్డ్‌ఎండ్:
మీరిద్దరూ కేబుల్ మంచిగా ఉన్నప్పటి సంగతే మాట్లాడుతున్నారు! నాకు టెన్షన్ దెబ్బ తిన్న కేబుల్‌తోనే. క్లాడింగ్ (పైపు ఇన్సులేషన్ మీది రేకు) స్క్రూ కేబుల్ జాకెట్‌లో దిగింది, ఇన్సులేషన్ తడిసింది, అక్కడ చిన్న ఆర్క్ మొదలైంది అనుకోండి, అది లాగే కరెంట్ మామూలు బ్రేకర్‌కి లోడ్‌లాగే కనిపిస్తుంది, అది పడదు. కేబుల్ మెల్లగా కాలుతూ పోతుంది. లిమిటర్ సెన్సర్ ఎక్కడో దూరంగా హాయిగా ఉంటుంది. అక్కడ పనికొచ్చేది కేబుల్ చుట్టూ ఎర్త్ చేసిన మెటల్ బ్రెయిడ్ (అల్లిక), 30 మిల్లీ ఆంపియర్ల ఎర్త్ లీకేజీ ట్రిప్. ఊరికే పడుతోందని దాని సెట్టింగ్ పెంచే మహానుభావులు ప్రతి ప్లాంట్‌లో ఉంటారు. పొడవు సర్క్యూట్‌కి మామూలుగానే కొంత లీకేజీ ఉంటుంది నిజమే, అయితే సర్క్యూట్‌ని విడగొట్టండి. మెగ్గర్ (ఇన్సులేషన్ రెసిస్టెన్స్ టెస్ట్) మాత్రం పైపుకి కట్టగానే ఒకసారి, ఇన్సులేషన్, క్లాడింగ్ అయ్యాక ఇంకోసారి. రెండోది ఎగ్గొడితే ఆ స్క్రూ సంగతి ఎవరికీ తెలియదు.

పాతకాపు:
ఇది నూటికి నూరుపాళ్లు నిజం. ఇంకోటి, చివర ఎండ్ సీల్ వేసేటప్పుడు రెండు తీగలూ కలిపి మెలిపెట్టేవాళ్లని చూశాను. అది ప్యారలల్ కేబుల్, కలిపితే షార్టే. వేడితీగ గారూ, మీ లైన్‌ని స్టీమ్‌తో కడుగుతారా?

వేడితీగ:
కడుగుతామండి, షట్‌డౌన్ అప్పుడల్లా.

పాతకాపు:
అయితే లిమిటర్ సంగతి పక్కన పెట్టి ముందు కేబుల్ ఎక్స్‌పోజర్ టెంపరేచర్ (బయటి నుంచి అది తట్టుకోగల గరిష్ఠ వేడి) చూడండి. స్టీమ్ వేడిని ఏ లిమిటరూ ఆపలేదు, అది కేబుల్ నుంచి రావట్లేదు. కోర్ ఒకసారి పాడైతే అది సర్టిఫికెట్‌లో ఉన్న కేబుల్ కాదు.

వేడితీగ:
ఇప్పుడే డేటాషీట్ తీశాను. మా స్టీమ్ ఆ పరిమితి కంటే ఎక్కువే ఉంది. పై రేంజ్ కేబుల్‌కి కొటేషన్ అడుగుతున్నా, దాని టీ క్లాస్‌కి షరతేమైనా ఉందో లేదో చూసి లిమిటర్ విషయం మళ్లీ రాస్తా.

ఎర్త్‌పిట్:
షరతు లేకపోతే నా మాట అదే, వద్దు.