తల తిరుగుడుకు చైనా వైద్యం చెప్పే ‘కఫం’, ఇప్పటి షుగర్, కొవ్వు ఒకటేనా?

గ్వాంగ్‌జౌ తెలుగోడు:
ఆరేళ్ళుగా చైనాలోని గ్వాంగ్‌జౌలో ఉంటున్నాను, వయసు 44. పోయిన ఏడాది నుంచి తల తిరుగుడు. ఇక్కడ ఇద్దరు, సెలవులకి ఊరొచ్చినప్పుడు ఇద్దరు, నలుగురు డాక్టర్లూ బీటాహిస్టిన్ మాత్రలే రాశారు. చివరికి ఇక్కడి చైనా వైద్యుడి దగ్గరికి వెళ్తే నాడి పట్టుకుని, నాలుక చాపమని, దాని మీది మందపాటి తెల్ల పాచి చూసి కఫం అన్నాడు. నాకు దగ్గే లేదన్నాను. వాళ్ళు థాన్ అనే ఈ కఫం దగ్గితే పడేది ఒక్కటే కాదట, తిన్నది సరిగ్గా మారక ఒంట్లో పేరుకునే జిగట కూడానట, అది పైకెక్కితే తల తిరుగుతుందట. 14వ శతాబ్దపు వైద్యుడు జూ దన్‌షీ ‘కఫం లేనిదే తల తిరగదు’ అన్నాడు, తెల్లగా లావుగా ఉన్నవాళ్ళకి కఫం ఎక్కువన్నదీ ఆయనే. తర్వాత టెస్టులు చేయిస్తే రక్తంలో కొవ్వు, అదే ట్రైగ్లిజరైడ్లు, 310, మూడు నెలల షుగర్ 6.3. అంటే మనం ఇప్పుడు మెటబాలిక్ సిండ్రోమ్ (పొట్ట, షుగర్, బీపీ, రక్తంలో కొవ్వు కలిసి పెరగడం) అంటున్నది వాళ్ళు ఆరేడు వందల ఏళ్ళ కిందటే పట్టుకున్నట్టే కదా?

చెవి డాక్టరు:
కాదండీ. ముందు ఒకటి చెప్పండి, మీకు తిరిగేది తలా, కళ్ళా? గది మొత్తం గిర్రున తిరుగుతుందా, లేక కళ్ళు బైర్లు కమ్మి పడిపోతానేమో అనిపిస్తుందా? మంచం మీద పక్కకి ఒత్తిగిలితే కొన్ని సెకన్లు తిరిగి ఆగిపోతే అది లోపలి చెవిలోని కాల్షియం రేణువులు తమ చోటు నుంచి జారి అర్ధవృత్తాకార నాళంలోకి చేరడం. దాన్ని పట్టుకునే పరీక్షని 1952లో డిక్స్, హాల్‌పైక్ చెప్పారు. తలని వరుసగా తిప్పి రేణువుల్ని వెనక్కి పంపే పద్ధతిని 1992లో ఎప్లీ ప్రచురించాడు, పది నిమిషాల పని. కఫంతో అవసరమే లేదు.

గోదారి గాలి:
మా అత్తయ్యకి అలా తల తిప్పే తగ్గింది. మాత్రలు వేస్ట్.

గ్వాంగ్‌జౌ తెలుగోడు:
డాక్టరు గారూ, తలా కళ్ళా అని విడదీస్తున్నారు, మా ఇంట్లో అమ్మ రెండూ ఒకే అర్థంలో వాడుతుంది. చైనా వాళ్ళ మాట షువాన్‌యున్‌లోనే రెండూ ఉన్నాయి, షువాన్ అంటే కళ్ళకి మసక కమ్మడం, యున్ అంటే తల తిరగడం. వాళ్ళు కలిపే చూస్తారు. నాకూ రెండూ ఉన్నాయి, ఎడమకి ఒత్తిగిలితే గిర్రుమంటుంది, మధ్యాహ్నం అన్నం తిన్న గంటకి తూలినట్టుంటుంది.

చెవి డాక్టరు:
అదే నేను చెప్పేది. అవి రెండు వేరు జబ్బులు. రెండింటినీ ఒక పేరు కింద చుట్టేస్తే రెండూ నయం కావు.

హుబే ఎంబీబీఎస్:
నేను అక్కడే చదివాను, చైనా వైద్యం మాకొక సబ్జెక్టు. అన్నా, మీరు జూ దన్‌షీ ఒక్కడినే పట్టుకున్నారు. అంతకు వెయ్యేళ్ళకి పైగా ముందే హ్వాంగ్‌దీ నేజింగ్ అనే వాళ్ళ ప్రాచీన వైద్య గ్రంథంలో వణుకు, తల తిరుగుడు అన్నీ కాలేయానివే అని ఉంది. జూ దన్‌షీ తర్వాత, మింగ్ రాజుల కాలంలో జాంగ్ జింగ్‌యువే అనే వైద్యుడు వచ్చి ‘నీరసం లేనిదే తల తిరగదు’ అన్నాడు. ముగ్గురివీ మూడు కారణాలు. మన ల్యాబ్ రిపోర్టుకి సరిపోయింది ఏరుకుని ముందే కనిపెట్టారు అనడం సరికాదు. అయితే తిండి సంగతి మాత్రం వాళ్ళు నిజంగానే చెప్పారు. కొవ్వు తిండి లోపల వేడి పుట్టిస్తుంది, తీపి పొట్ట ఉబ్బిస్తుంది, అది ముదిరితే ఆగని దాహం జబ్బవుతుంది అని నేజింగ్‌లోనే ఉంది. ఆ దాహం జబ్బునే ఇప్పుడు షుగర్‌తో పోలుస్తారు.

గ్వాంగ్‌జౌ తెలుగోడు:
చూశారా, తిండి, షుగర్!

చెవి డాక్టరు:
షుగర్‌కీ తల తిరగడానికీ సంబంధం లేదని నేనెప్పుడన్నాను? లోపలి చెవికి నిల్వ శక్తి ఉండదు, రక్తంలో గ్లూకోజ్, ఆక్సిజన్ ఎప్పటికప్పుడు అందాలి. విటమిన్ డి తక్కువున్నవాళ్ళకి ఆ రేణువుల జబ్బు ఎక్కువగా తిరగబెడుతుంది. 2020లో కొరియా వాళ్ళు వెయ్యి మంది దాకా చూసి, లోపం ఉన్నవాళ్ళకి డి, కాల్షియం ఇస్తే తిరగబెట్టడం 24 శాతం తగ్గిందని చూపించారు. అందుకని దాన్ని కఫం అననక్కర్లేదు. ఇంతకీ మీకేం కషాయం ఇచ్చారు?

గ్వాంగ్‌జౌ తెలుగోడు:
బాన్‌శా బైజూ థ్యెన్‌మా థాంగ్. 1732 నాటి పుస్తకంలోది. రెండు నెలలుగా తాగుతున్నాను, తేలిగ్గా ఉంది. బీపీ మాత్ర కూడా వేసుకుంటున్నాను.

చెవి డాక్టరు:
అందులో అతిమధురం ఉంటుంది. ఎక్కువ రోజులు వాడితే పొటాషియం పడిపోయి బీపీ పెరగొచ్చు. చెప్పారా మీకు?

తుని లక్ష్మి:
చెప్పరు. మా నాన్నకీ ఎవరూ చెప్పలేదు. షుగర్, బీపీ రెండూ ఉన్న మనిషి, తల తిరుగుతోందంటే ఒక మూలికల ఆయన కఫం, పైత్యం అని ఇంగ్లీషు మందులన్నీ మాన్పించాడు. రెండో రోజుకి మాట ముద్దయింది, నిలబెడితే ఒక పక్కకి ఒరిగిపోయాడు. చిన్న మెదడులో స్ట్రోక్. ఇక్కడ కూర్చుని 600 ఏళ్ళు, 2000 ఏళ్ళు అని మురిసిపోతుంటే నాకు ఒళ్ళు మండుతోంది.

గ్వాంగ్‌జౌ తెలుగోడు:
మీ నాన్నగారి విషయం విని బాధగా ఉంది, కానీ నా మీద ఎందుకు అరుస్తున్నారు? నేను మాత్రలు మానమని ఎవరికీ చెప్పలేదు. ఏడాదిలో నలుగురు డాక్టర్లు, ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఏం తింటావు, ఎప్పుడు తింటావు అని అడగలేదు. మంచం మీద పడుకోబెట్టి తల తిప్పి చూసినవాళ్ళూ లేరు. ఆ ముసలాయన ముప్పావు గంట అడిగాడు. రాత్రి పదకొండుకి తింటానంటే తల పట్టుకున్నాడు. అన్నం సగం చేయించింది ఆయనే. ఇప్పుడు మీరొచ్చి అది వైద్యం కాదంటే నేనెలా ఒప్పుకోను?

చెవి డాక్టరు:
అడగకపోవడం తప్పే, కాదనను. ఓపీలో మనిషికి నాలుగు నిమిషాలు కూడా దొరకవు, ఆ నాలుగు నిమిషాల్లో నేనూ ఎన్నిసార్లు అడగకుండా పంపేశానో. కానీ మీకు తేలిక కషాయంతో వచ్చిందా, అన్నం సగం చేయడంతో వచ్చిందా అన్నది మీరే చూడండి.

తుని లక్ష్మి:
మా మూలికల ఆయన కూడా గంట మాట్లాడాడు. చాలా ఓపిగ్గా విన్నాడు. అందుకే నమ్మాను. నాన్నని అక్కడికి తీసుకెళ్ళింది నేనే.

గోదారి గాలి:
లక్ష్మి గారూ 🙏

గ్వాంగ్‌జౌ తెలుగోడు:
లక్ష్మి గారూ, నాకు తెలియక గట్టిగా మాట్లాడాను. పొటాషియం రేపు చూపిస్తాను, అప్పటిదాకా కషాయం ఆపుతున్నాను, బీపీ మాత్ర ఆపను. డాక్టరు గారూ, ఆ తల తిప్పే పద్ధతి ఇక్కడ ఎవరి దగ్గర చేయించుకోవాలో, ఏ విభాగం అని అడగాలో చెప్పండి. కానీ తిన్న గంటకి వచ్చే ఆ తూలుడు ఎందుకో మీరింకా చెప్పలేదు.