స్లేయర్: హానెమన్ పోయాక కూడా అదే బ్యాండా?

కొత్తచెవులు: ఈ మధ్యే అమెరికన్ మెటల్ బ్యాండ్ స్లేయర్ వినడం మొదలుపెట్టాను. గిటారిస్ట్ హానెమన్ 2013లో పోయాడు కాబట్టి ఆ తర్వాతది వినక్కర్లేదంటాడు మా రూమ్మేట్. నిజమేనా? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

పాతక్యాసెట్: ఇంకేముంది, 1986 నాటి ఆల్బమ్ 'రెయిన్ ఇన్ బ్లడ్'. పది పాటలు, అన్నీ కలిపినా అరగంట లేదు. క్యాసెట్‌కి రెండు వైపులా మొత్తం ఆల్బమే వేశారు, తిప్పితే మళ్ళీ మొదటి పాట! అందులో ఆష్విట్జ్ నాజీ శిబిరం డాక్టర్ మెంగెలే మీద హానెమన్ రాసిన పాట ఉందని కొలంబియా రికార్డ్ కంపెనీ వాళ్ళు పంపిణీ చేసేది లేదన్నారు. చివరికి గెఫెన్ వాళ్ళు తీసుకున్నారు.

డబుల్‌పెడల్: ముందు కథ కూడా తెలుసుకో తమ్ముడూ. 1981లో కాలిఫోర్నియాలో గిటారిస్టులు కెర్రీ కింగ్, హానెమన్ కలిసి మొదలుపెట్టారు. పాడే టామ్ అరాయా అప్పట్లో హాస్పిటల్‌లో రెస్పిరేటరీ థెరపిస్ట్. 1983లో మొదటి ఆల్బమ్‌కి అతను దాచుకున్న డబ్బు, కింగ్ వాళ్ళ నాన్న ఇచ్చిన అప్పే పెట్టుబడి. పగలు ఊపిరి అందించడం, రాత్రి ఊపిరాడనివ్వకపోవడం!

నన్నడిగితే హానెమన్ కంటే ముందు డ్రమ్మర్ లోంబార్డో లెక్క చూడాలి. 1992లో వెళ్ళాడు, పదేళ్ళకి తిరిగొచ్చాడు, 2013లో డబ్బు గొడవతో మళ్ళీ బయటికి. మధ్యలో అతని బదులు పాల్ బోస్టాఫ్ వాయించిన 1994 ఆల్బమ్‌ని జనం ఊరికే తీసిపారేస్తారు, నాకు నచ్చదు.

నైట్‌బస్సు: 2012 అక్టోబర్ 13న బెంగళూరులో చూశాను. హైదరాబాద్ నుంచి రాత్రంతా బస్సులో నలుగురం. హానెమన్ రాలేదు, ఎక్సోడస్ అనే బ్యాండ్ గిటారిస్ట్ గ్యారీ హోల్ట్ వాయించాడు. బాగా వాయించాడు, అబద్ధం చెప్పను. కానీ ఆ జుట్టు ఊపుడు మధ్యలో కూడా హానెమన్ ఉంటే ఎలా ఉండేదో అనే ఉంది. ఏడు నెలలు తిరక్కుండానే పోయాడు.

కొత్తచెవులు: సాలీడు కుట్టి పోయాడటగా?

నైట్‌బస్సు: కాదు. 2011లో చేతికి మాంసం తినేసే ఇన్ఫెక్షన్ వచ్చింది, సాలీడు వల్లేనని అతనే అనుకున్నాడు. ప్రాణం తీసింది మాత్రం తాగుడుతో పాడైన లివర్.

పాతక్యాసెట్: 2006 సంగతి మర్చిపోయారు. క్రైస్తవ సంఘాలు అభ్యంతరం చెబితే 'క్రైస్ట్ ఇల్యూజన్' ఆల్బమ్‌ని మన దేశంలో వెనక్కి తీసేసుకున్నారు. తమాషా ఏంటంటే అరాయా స్వయంగా క్యాథలిక్.

డబుల్‌పెడల్: అసలు ప్రశ్నకి వస్తే, 2015 నాటి 'రిపెంట్‌లెస్' విను. హానెమన్ పాట ఒకటి అందులోనూ ఉంది. మిగతాది కింగ్ బ్యాండ్. చెడ్డది కాదు, కానీ పాత ఆల్బమ్ 'సౌత్ ఆఫ్ హెవెన్'లో నెమ్మదిగా భయపెట్టే గుణం ఇందులో లేదు. 2019 నవంబర్ 30న ఆఖరి షో అన్నారు, 2024లో మళ్ళీ స్టేజి ఎక్కారు. మన హీరోల రిటైర్మెంట్ లాంటిదే.

కొత్తచెవులు: 'రెయిన్ ఇన్ బ్లడ్' విన్నానన్నా. గచ్చిబౌలి నుంచి ఉప్పల్ వచ్చేలోపు ట్రాఫిక్‌లో మూడుసార్లు అయిపోయింది.