సైకిల్ వచ్చిన పిల్లలకి మళ్లీ కిక్ స్కూటర్ కొనాలా?

వెన్నెలదారి

ఒకరికి ఆరేళ్లు, ఇంకొకరికి తొమ్మిది. ఇద్దరూ సైకిల్ బాగా తొక్కుతారు. ఇప్పుడు కాలితో నెట్టుకుంటూ పోయే స్కూటర్ కావాలని ఒకటే పట్టు. సైకిల్ ఉండగా అది దండగేనా, లేక దాని పని దానికుందా? కొంటే ఎలాంటిది కొనాలి, ఇద్దరికీ ఒకటి సరిపోతుందా? వాటి రిపేర్లు తెలిసినవాళ్లు కూడా కాస్త వివరంగా చెప్పండి.

ఇరుసు

దండగా కాదా అన్నది పిల్లల్ని బట్టి కాదండీ, వాళ్లు తిరిగే నేలని బట్టి ఉంటుంది. సైకిల్ మీద పోతుంటే కంటికే ఆనని గులకరాయి స్కూటర్‌కి గోడలా అడ్డుపడుతుంది. లెక్క చూడండి. 20 అంగుళాల సైకిల్ చక్రం టైరుతో కలిపి అడ్డంగా సుమారు 50 సెం.మీ. ఉంటుంది. అంటే ఇరుసు నేల నుంచి 25 సెం.మీ. ఎత్తులో ఉన్నట్టు. ఒకటిన్నర సెం.మీ. రాయి అందులో పదహారో వంతు. చిన్న మడత స్కూటర్ చక్రం 100 మి.మీ., ఇరుసు ఎత్తు 5 సెం.మీ. అదే రాయి ఇక్కడ దాదాపు మూడో వంతు. చక్రం ఎక్కలేక అక్కడే ఆగిపోతుంది, పైన నిలబడ్డ పిల్ల మాత్రం ఆగదు. కూర్చుని కాదు, నిలబడి పోతుంది కాబట్టి బరువంతా పైనే ఉంటుంది, హ్యాండిల్ మీదుగా ముందుకి పడుతుంది.

అందుకని కొనేముందు ఆ దారంతా ఒకసారి నడిచి చూడండి. పలకల మధ్య సందులు, డ్రైనేజీ జాలీలు, కంకర తేలిన చోట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకోండి. ఈ చక్రాల వెడల్పు ఎక్కువగా 24 మి.మీ. జాలీ కమ్ములు పోయే దిశలోనే ఉంటే చక్రం సందులోకి దిగబడిపోతుంది. నేల నున్నగా ఉంటే 120 నుంచి 145 మి.మీ. చక్రాలు హాయిగా పోతాయి. అక్కడక్కడ పగుళ్లుంటే 180, 200. దారంతా గతుకులే అయితే కొనకండి. 200 మి.మీ. గట్టి చక్రాలు కూడా ఆ వణుకంతా అరచేతుల్లోకే పంపుతాయి, బండి మూలన పడుతుంది.

చక్రం పక్కన 82ఏ, 85ఏ, 88ఏ అని ముద్ర ఉంటుంది. అది గట్టితనం. అంకె తగ్గేకొద్దీ చక్రం మెత్తన, చప్పుడు తక్కువ, పట్టు ఎక్కువ, అరుగుదల కూడా ఎక్కువ. గరుకు నేలకి 82, 85 మంచివి.

గాలిపంపు

నేల సంగతి ఒప్పుకుంటాను. నేల బాగుంటే మాత్రం దండగ అననండీ. సైకిల్ చెయ్యలేని పని ఒకటి ఇది చేస్తుంది. ఈ మడత స్కూటర్‌ని 1990ల చివర్లో జనంలోకి తెచ్చిన స్విట్జర్లాండ్ ఆయన విమ్ ఔబోటర్ ఆలోచనే అది: నడవాలంటే దూరం, సైకిల్ బయటికి తీయాలంటే మరీ దగ్గర, ఆ మధ్య దూరానికి ఒక బండి. పెద్దవాళ్లు నడుస్తుంటే పిల్లలు పక్కనే రావాల్సిన దూరాలు, మెట్లెక్కి దిగాల్సిన చోట్లు, లోపల సైకిల్ పెట్టనివ్వని చోట్లు. అరకిలోమీటరు, కిలోమీటరు వరకు దీనికి సాటి లేదు. రెండు కిలోమీటర్లు దాటితే సైకిలే.

మోయాల్సింది చివరికి మీరే కాబట్టి బరువు చూసుకోండి. 100, 120 మి.మీ. చక్రాల అల్యూమినియం బండి రెండున్నర, మూడు కిలోలు. 200 మి.మీ.ది నాలుగు, అయిదు కిలోల దాకా ఉంటుంది. బడి సంచీ హ్యాండిల్‌కి తగిలించనివ్వకండి. ముందు చక్రం మీద బరువు పడి మలుపులో హ్యాండిల్ ఒక పక్కకి లాగేస్తుంది. సంచీ వీపునే ఉండాలి.

నీడపట్టు

ఆరేళ్ల పిల్లకి మూడు చక్రాలదైతే పడదు కదా?

చిన్నచక్రం

సైకిల్ రాని మూడేళ్ల పిల్లకైతే సరేనండీ. సైకిల్ వచ్చిన ఆరేళ్ల పిల్లకి అది వెనకడుగు. ముందు రెండు చక్రాలున్న బండ్లు ఎక్కువ భాగం ఒళ్లు పక్కకి వంచితే తిరుగుతాయి, హ్యాండిల్ తిప్పితే కాదు. సైకిల్ అలవాటున్న చెయ్యి హ్యాండిల్ తిప్పబోతుంది, బండి మాట వినదు. పైగా సైకిల్ వచ్చిన పిల్ల పోయే వేగంతో మలుపు తీసుకుంటే లోపలి చక్రం లేచి పక్కకి పల్టీ కొడుతుంది. రెండు చక్రాలదే తీసుకోండి, తూగు ఎలాగూ వచ్చేసింది.

వాళ్లతో అసలు చిక్కు తూగు కాదు, బ్రేకు. సైకిల్ పిల్లలకి వేగం మొదటి రోజే వచ్చేస్తుంది, ఆగడం రాదు. కంగారు పడగానే వేళ్లు హ్యాండిల్ దగ్గర బ్రేకు కోసం వెతుకుతాయి, అక్కడ ఏమీ ఉండదు. స్కూటర్ బ్రేకు వెనక మడ్‌గార్డే. దాన్ని కాలితో నొక్కితే చక్రాన్ని ఒరుసుకుని ఆపుతుంది. ఆ కాలు అప్పటిదాకా నేలని నెడుతోంది, దాన్ని ఎత్తి వెనక్కి వేసి బరువు దాని మీదకి మార్చాలి. అందుకే మొదటి రెండు రోజులు వేగం మాటే వద్దు, బ్రేకే నేర్పండి.

ముందు బండి దిగి పక్కన నడుస్తూ చేత్తో మడ్‌గార్డ్ నొక్కించండి, ఎంత నొక్కితే చక్రం ఎంత బిగుస్తుందో తెలుస్తుంది. తర్వాత ఎక్కి నెమ్మదిగా పోతూ, ఆగకుండా, ఊరికే కాలు ఆనించి తీయమనండి, పది పదిహేనుసార్లు. అది కుదిరాక సుద్దముక్కతో గీత గీసి గీత మీద ఆగమనండి. గీతకి ఎంత ముందు మొదలుపెట్టాలో పిల్లలే పట్టేస్తారు. మోకాళ్లు కొంచెం వంచి, నడుం వెనక్కి వేయాలి. కాలు ఒక్కసారిగా తొక్కితే చక్రం బిగుసుకుపోయి ఈడ్చుకుపోతుంది, అరిగిన చోట బల్లపరుపుగా తయారై ఆ తర్వాత టకటకమంటూనే ఉంటుంది.

తడి నేల మీద ఈ బ్రేకు దాదాపు పనిచెయ్యదు. నీళ్ల పొర మీద మడ్‌గార్డ్ జారిపోతుంది. పల్లంలో కాలు తియ్యకుండా నొక్కి ఉంచితే మడ్‌గార్డ్ వేడెక్కి చురుక్కుమంటుంది, దిగగానే చెయ్యి పెట్టనివ్వకండి. నిటారు పల్లమైతే దిగి నడవడమే.

నీడపట్టు

చేతి బ్రేకు ఉన్నవి కూడా వస్తున్నాయి. సైకిల్ పిల్లలకి అవే నయం కాదా?

చిన్నచక్రం

వెనక చక్రానికి ఉన్న చేతి బ్రేకు మంచిదేనండీ. ముందు చక్రానికి మాత్రమే ఉన్నదైతే భయం. పొట్టి బండి, చిన్న చక్రం, నిలబడ్డ మనిషి. గట్టిగా పట్టగానే వెనక చక్రం లేస్తుంది. చేతి బ్రేకున్నా కాలి బ్రేకు నేర్పడం మానకండి, కేబుల్ సాగి వదులైన రోజున అదే దిక్కు. లీవరు పిల్ల వేళ్లకి అందుతోందో లేదో కూడా చూడండి.

వెన్నెలదారి

మరి ఇద్దరికీ ఒకటి?

గాలిపంపు

నా ఓటు ముందు ఒకటే. వాడకం చూసి రెండోది. కొలత ఇలా చూడండి: పిల్లని స్కూటర్ పలక (కాళ్లు పెట్టే భాగం) మీద నిలబెడితే హ్యాండిల్ బొడ్డుకీ కింది పక్కటెముకలకీ మధ్య రావాలి, మోచేతులు కాస్త వంగి ఉండాలి. ఛాతీ దాకా వస్తే మలుపులో చేతులకి బలం ఉండదు, చక్రం ఆగినప్పుడు గడ్డానికి తగులుతుంది. మరీ కిందకుంటే ముందుకి వంగి పోతారు, పడేదీ ముందుకే. ఈ రెండు వయసుల మధ్య ఎత్తు తేడా సుమారు 15 నుంచి 20 సెం.మీ. ఉంటుంది. కాబట్టి హ్యాండిల్ అన్నిటికన్నా కిందకి దించినప్పుడు చిన్నదానికి సరిపోతుందా అన్నదే చూడాలి. పెద్దవాడికి పైకి లేపడం తేలికే.

ఎత్తు మార్చేటప్పుడు స్ప్రింగ్ బొత్తాం రంధ్రంలోంచి పూర్తిగా బయటికి పొడుచుకు రావాలి, తర్వాతే లీవరు బిగించాలి. సగం బయటికొచ్చి ఆగితే పోతుండగా హ్యాండిల్ జర్రున కిందకి దిగుతుంది. ఈ పని పిల్లలకి వదిలెయ్యకండి.

పలక ఎత్తు కూడా కొలవండి. నేల నుంచి పలక పైభాగం దాకా. నిలబడే కాలు ప్రతి నెట్టుకీ అంత వంగి లేవాలి, అందుకే పలక ఎంత కిందకుంటే అంత తక్కువ అలసట. ఒకే కాలితో నెట్టే అలవాటు పడనివ్వకుండా మధ్యమధ్య కాలు మార్పించండి. మారిస్తే మొదట్లో వంకరగా పోతారు, ఫర్వాలేదు.

బండి మీద రాసిన బరువు పరిమితి చదవండి. పిల్లలవాటికి 50 కిలోలన్నది మామూలు. ఇద్దరూ కలిసి ఎక్కకూడదు.

నీడపట్టు

అంత శ్రమ ఎందుకు, బ్యాటరీది కొంటే పోలా?

ఇరుసు

వద్దండీ. 16 ఏళ్లలోపు వాళ్లు మోటారు స్కూటర్ నడపకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సలహా. ఆరు, తొమ్మిదేళ్ల వాళ్ల దగ్గర ఆ మాటే వద్దు.

ఇక మెయింటెనెన్స్. ఇందులో చెడిపోయేవి నాలుగే: బేరింగులు, మడత కీలు, హ్యాండిల్ మెడ, వెనక చక్రం.

బేరింగులు దాదాపు అన్నిట్లో 608 సైజే. లోపల 8 మి.మీ., బయట 22, మందం 7. చక్రానికి రెండు చొప్పున నాలుగు. చక్రం తిప్పి చెవి దగ్గర పెట్టుకోండి. సన్నని సుయ్ అంటే బాగున్నట్టు, కరకరమంటే మట్టో తుప్పో చేరినట్టు. విప్పడానికి ఒకే సైజు అలెన్ కీలు (ఆరు పలకల పానాలు) రెండు కావాలి, ఇరుసుకి రెండువైపులా ఒకేసారి పట్టాలి, లేకపోతే ఇరుసంతా తిరుగుతుందే గానీ బోల్టు ఊడదు. పాతవి లోపలినుంచి తోసి తీసేటప్పుడు మధ్యలోంచి చిన్న గొట్టం ఒకటి బయటికొస్తుంది, దాన్ని పారెయ్యకండి. రెండు బేరింగుల మధ్య దూరాన్ని పట్టి ఉంచేది అదే. అది లేకుండా బిగిస్తే బేరింగులు నలిగి చక్రం తిరగదు. అందరూ చేసే తప్పు ఇదే. తుప్పు వదిలించే స్ప్రే కొట్టకండి, లోపలి గ్రీజుని కడిగేస్తుంది. వారం బాగా తిరిగి ఆ తర్వాత ఇంకా పాడవుతుంది. వానలో తడిస్తే తుడిచి, చక్రం తిప్పి ఆరబెట్టండి, చాలు.

మడత కీలు లూజైందో లేదో ఇలా పట్టుకోండి: ముందు చక్రం గోడకి ఆనించి హ్యాండిల్ ముందుకీ వెనక్కీ ఊపండి. టక్కుమన్న చప్పుడు కింద మడత దగ్గర వస్తే అక్కడి బోల్టు పావు చుట్టు చొప్పున బిగించండి, మడత ఇంకా తేలిగ్గా పడేంతవరకే. చప్పుడు పైన మెడ దగ్గర వస్తే అక్కడి బేరింగు గిన్నెలు వదులయ్యాయి. రెండు నట్లుండే రకమైతే ముందు కింది నట్టు వదులు పోయేదాకా బిగించి, దాన్ని పానాతో కదలకుండా పట్టుకుని పై నట్టు బిగించాలి. ఒక్క పై నట్టే బిగిస్తే రెండు రోజుల్లో మళ్లీ లొడలొడ. మడత వేసేటప్పుడు వేళ్లు నలిగేది కీలు దగ్గరే, చిన్నదాని చేత మడత వేయించకండి.

వెనక చక్రం బ్రేకు వల్ల తొందరగా అరుగుతుంది. రెండు చక్రాలూ ఒకే సైజు అయితే ముందుదీ వెనకదీ మార్చి వేసుకోవచ్చు.

గాలిపంపు

హెల్మెట్ కొత్తది అక్కర్లేదు. ఈఎన్ 1078 ముద్ర ఉంటే అది సైకిల్‌కీ, స్కేటింగుకీ కలిపి పెట్టిన ప్రమాణం, దీనికీ సరిపోతుంది. కనుబొమలకి రెండు వేళ్ల పైన కూర్చోవాలి. మోకాళ్లకీ మోచేతులకీ ప్యాడ్లు పెట్టండి. మణికట్టుకి గట్టి పట్టీలు మాత్రం ఇక్కడ అంత కుదరవు, హ్యాండిల్ పట్టు పోతుంది. చెప్పులు వద్దు, వేళ్లు కప్పే బూట్లు, లేసులు లోపలికి దోపి.

వెన్నెలదారి

చాలా థాంక్సండీ. ఒకటే చూసి తీసుకుంటాం, 145 అనుకుంటున్నాం. ఇంకొక్కటి: ట్రై చేసిన ఒక బండికి హ్యాండిల్ తిప్పితే చక్రం కాస్త ఆలస్యంగా తిరిగింది. అది లోపమా?

ఇరుసు

క్లాంప్, అంటే హ్యాండిల్ గొట్టాన్ని ముందు చక్రం గొట్టానికి బిగించే పట్టీ, జారుతోందండీ. బండి పాతదైనా కొత్తదైనా అలా ఉంటే ఎక్కించకండి. ముందు చక్రం రెండు మోకాళ్ల మధ్య పట్టుకుని, హ్యాండిల్ దానికి సరిగ్గా అడ్డంగా తెచ్చి, క్లాంప్ బోల్టులు రెండూ ఒకదాని తర్వాత ఒకటి అర చుట్టు చొప్పున బిగించాలి. తర్వాత చక్రాన్ని అలాగే పట్టుకుని హ్యాండిల్ గట్టిగా తిప్పి చూడండి. అయినా జారితే క్లాంప్ చెవుల (బోల్టులు దగ్గరికి లాగే రెండు అంచుల) మధ్య సందు చూడండి. రెండూ తాకేసి ఉంటే ఇక ఎంత బిగించినా లాభం లేదు, క్లాంపే మార్చాలి. కొత్త బండికే అలా ఉంటే వెనక్కిచ్చెయ్యండి.