‘కాఖెల్’ని తెలుగులో ఏమందాం? పలకా, పెంకా?

ప్రశ్న: మధ్యయుగ ఐరోపా ఇళ్ల తవ్వకాల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. జర్మన్ మాట ‘కాఖెల్’ దగ్గర ఆగాను. గదిని వెచ్చబెట్టే పెద్ద పొయ్యికి చుట్టూ పేర్చే మెరుగు టైల్స్ ఇవి. ‘పొయ్యి పలక’ అని రాసుకున్నాను. ఇంకా నప్పే మాట ఉందాండీ?

జవాబు: పలక అంటే చదునుగా ఉండాలి కదండీ. ఇవి మొదట్లో చదునువి కావు, కుండలు! లాటిన్‌లో ‘కక్కబుస్’ అంటే వంటకుండ. కాఖెల్ దాన్నుంచే వచ్చింది. 12వ శతాబ్ది నాటికే స్విట్జర్లాండ్, దక్షిణ జర్మనీ కోటల్లో పొయ్యి మట్టిగోడలో చిన్న కుండలు పొదిగేవారు. గోడ పలచబడుతుంది, వేడి తగిలే మేర పెరుగుతుంది, గది తొందరగా వెచ్చబడుతుంది. తవ్వకాల్లో దొరికినవాటిని మామూలు కుండలనుకునే ప్రమాదం ఉంది. బయటివైపు అంటుకుపోయిన కాలిన బంకమన్ను చూసి పోల్చుకుంటారు. తర్వాత కుండ మూతి నలుపలకలైంది. ఆ తర్వాతే బొమ్మలు అచ్చొత్తి, ఆకుపచ్చ సీసపు మెరుగు పూసిన చదును రకం వచ్చింది. నా ఓటు ‘పొయ్యిపెంకు’కి.

మరొకరు: నాదీ అదే ఓటు. మన గూనపెంకు ఎలా చేసేవారు? సారె మీద గొట్టంలా లాగి, నిలువునా చీల్చి. అక్కడ గూడులాంటి ఒక రకం కాఖెల్‌నీ అచ్చం అలాగే చేసేవారు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇంకొకరు: సరే, మరి పొయ్యిని? ‘కుంపటి’ అందామా?

జవాబు: వద్దండీ. మనవాళ్లకి గుండెల మీద కుంపటే గుర్తొస్తుంది! పైగా కుంపటి ఎత్తుకుపోయేది, నిప్పు ఎదురుగానే ఉంటుంది. ఇది కదలదు. చాలా ఇళ్లలో కట్టెలు గోడ అవతల వంటగదిలోంచి ఎగదోస్తారు. పొగ అటే, వెచ్చదనం ఇటు. సాల్జ్‌బర్గ్ కోటలో 1501 నాటిది ఇప్పటికీ నిలిచి ఉంది. ‘కాఖెల్ పొయ్యి’ అనే ఉంచెయ్యండి. డచ్చివాళ్లయితే ‘కాఖెల్’ అని పొయ్యినే అంటారు, హంగేరీవాళ్ల ‘కాయ్‌హ’ కూడా ఈ మాటే.

అడిగినవారు: ‘పెంకు’తో ఒక చిక్కుందండీ. పురావస్తు రాతల్లో ‘కుండపెంకు’ అంటే పగిలిన ముక్క.

జవాబు: నిజమే, అది చిన్న చిక్కు కాదు. ఒక ఊరి పెంకు నచ్చితే ఇంకో ఊరి కుమ్మరి దాని మీదే మట్టి ఒత్తి అచ్చు తీసుకునేవాడు. మట్టి ఆరి, కాలేసరికి కుదించుకుంటుంది కనుక నకలు అసలుకన్నా చిన్నది, నకలుకి నకలు ఇంకా చిన్నది. ఏది ముందో, ఏది వెనకో ఆ కొలతల్ని బట్టి అంచనా కడతారు. అందుకే కొలత నిండు పెంకుదో, ముక్కదో తేలిపోవాలి. కొలతలు చెప్పే వాక్యాల్లో మాత్రం ‘నిండు పెంకు’, ‘పెంకుముక్క’ అని విడదీసి రాయండి.