టీషర్ట్ అంటే ముందు బనియనేనా?

ప్రశ్న: చిన్న డౌటండీ. వందేళ్ళ కిందటి ఫొటోల్లో మగాళ్ళు టీషర్ట్‌తో దాదాపు కనపడరు, మరి ఇది బయట వేసుకునే బట్ట ఎప్పుడైంది? ముందు లోపల వేసుకునేదే అంటున్నారు, నిజమేనా?

రిప్లై 1: నిజమే. 1913లో అమెరికా నేవీ యూనిఫాం లోపలికని పొట్టి చేతుల తెల్ల కాటన్ బనియన్లు ఇచ్చింది, ఉక్కపోతలో పని చేసేటప్పుడు పైది విప్పేసి వీటితోనే ఉండేవాళ్ళు. గుండీల్లేవు, ఉతకడం ఈజీ, తొందరగా ఆరిపోద్ది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇళ్ళకొచ్చిన సైనికులు ప్యాంటు మీదకి అదే వేసుకుని తిరిగేసరికి జనాల కంటికి అలవాటైపోయింది. పేరంటారా, పరిచి చూడండి, ఇంగ్లిష్ టీ అక్షరంలా ఉంటుంది.

రిప్లై 2: సైనికులు సరే గానీ స్టైల్ చేసింది సినిమావాళ్ళే బ్రో. 1951లో మార్లన్ బ్రాండో, 1955లో జేమ్స్ డీన్ తెర మీద టీషర్ట్‌లో కనపడ్డాక కుర్రాళ్ళకి పిచ్చెక్కింది, పెద్దోళ్ళకేమో బనియన్‌తో వీధిలోకి రావడమేంటని చిరాకు, నన్నడిగితే ఆ చిరాకే సగం పబ్లిసిటీ.

రిప్లై 3: రాతల సంగతి వదిలేశారేంటి? 1948 అమెరికా ప్రెసిడెంట్ ఎన్నికల్లోనే థామస్ డ్యూయీ నినాదంతో టీషర్ట్‌లు అచ్చేశారు (ఆయన ఓడిపోయాడు లెండి). ప్లాస్టిసాల్ ఇంకు (వేడి చేస్తే బట్ట మీద గట్టిపడే ప్లాస్టిక్ రకం ఇంకు) వచ్చాక ఉతికినా తొందరగా పోని ప్రింట్లు వచ్చాయి, ఇక రాక్ బ్యాండ్లు, నిరసనలు, కంపెనీల ప్రచారం అన్నీ ఛాతీ మీదకెక్కాయి.

ప్రశ్న వేసింది నేనే: థాంక్సండీ, అయితే పెద్దోళ్ళు "ఆ బనియనేంట్రా" అని తిట్టడంలో తప్పేం లేదన్నమాట 😄