మస్టాంగ్ జీటీతో మిషిగన్ మంచులో ఆఫీసుకు వెళ్లొచ్చా?

నోవై_కుర్రాడు:
అన్నలూ, వేసవిలో ఫోర్డ్ వాళ్ల స్పోర్ట్స్ కారు మస్టాంగ్ జీటీ కొన్నా. మాన్యువల్ గేర్లు, పర్ఫార్మెన్స్ ప్యాక్ (స్పోర్టీ టైర్లు, పెద్ద బ్రేకులు). నోవై నుంచి డియర్‌బోర్న్‌కి రోజూ ఫ్రీవే మీద వెళ్లాలి, ఇంకో కారు లేదు. "వెనక చక్రాల బండి, మంచులో బొంగరంలా తిరుగుతుంది, అమ్మేయ్" అని బావ ఒకటే గొడవ. జారే రోడ్ల కోసం బండిలోనే ఇచ్చిన స్లిప్పరీ మోడ్ పెట్టుకుంటే సరిపోదా? వెనక బరువు కోసం డిక్కీలో ఇసుక బస్తాలు వేయాలా?

చలికాలం_బాబాయ్:
అమ్మక్కర్లేదు తమ్ముడూ. ముందు టైర్ల సంగతి చూడు. ఆ ప్యాక్‌తో వచ్చేవి సమ్మర్ టైర్లు. చలి 7 డిగ్రీల కిందికి, అంటే ఇక్కడి లెక్కలో 45 కిందికి దిగితే వాటి రబ్బరు గట్టిపడిపోతుంది. మంచే అక్కర్లేదు, పొడి రోడ్డు మీద కూడా జారుతుంది. మరీ గడ్డకట్టే చలిలో బండి కదిపితే రబ్బరు పగలొచ్చు కూడా. మోడ్ చేసేదల్లా ఇంజిన్ దూకుడు తగ్గించడం. టైరుకు లేని పట్టు అదెక్కడ తెస్తుంది?

వింటర్ టైర్లు నాలుగూ వెయ్యి. వెనక రెండే వేస్తే బండి కదులుతుంది గానీ మలుపు తిరగదు, ఆగదు. మూడు శిఖరాల కొండ మీద మంచు పువ్వు గుర్తు ఉన్నవి చూసి తీసుకో. వెనక ఇప్పుడున్న 275 మి.మీ. వెడల్పువి వద్దు, సన్నవి వేయించు. సన్న టైరు మంచును కోసుకుంటూ రోడ్డును అందుకుంటుంది, వెడల్పుది పైన తేలుతుంది. 18 అంగుళాల రిమ్ అయితే బాగుండేది కానీ, నీ బ్రెంబో బ్రేకులు పెద్దవి, పట్టకపోవచ్చు. కొనేముందు షాపులో అడుగు.

ఇసుక బస్తాలు వెనకంతా ఖాళీగా ఉండే పికప్ ట్రక్కులకి. నీకు చిన్న సంచి చాలు, ఎక్కడైనా ఇరుక్కుంటే చక్రాల కింద చల్లుకోవడానికి.

ఇక నడపడం. రెండో గేరులో కదిలించు. ఎగ్జిట్ ర్యాంప్ మీద ఠక్కున గేరు దించి క్లచ్ వదిలావో, ఇంజిన్ బ్రేకింగంతా వెనక చక్రాల మీదే పడి తోక తిరుగుతుంది. దాన్ని ఏబీఎస్ (బ్రేకు నొక్కినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేది) ఆపదు. క్లచ్ నొక్కి, బ్రేకుతోనే మెల్లగా ఆపు. వంతెనల మీద ఇంకా జాగ్రత్త, కింద నుంచి కూడా గాలి తగిలి ముందు గడ్డకట్టేవి అవే.

టొరంటో_సుబ్బు:
మా పక్క క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టమే. నన్నడిగితే మంచు కంటే రోడ్డు మీద చల్లే ఉప్పుకే భయపడాలి. అడుగు భాగం కడిగే కార్ వాష్‌కి తరచూ వెళ్లండి. వీలుంటే పాత ఫ్రంట్ వీల్ కారొకటి కొని, దీన్ని గ్యారేజీలో పెట్టేయండి.

నోవై_కుర్రాడు:
రెండో కారుకి డబ్బుల్లేవు సుబ్బు గారూ! అయినా ఇక్కడి ఫ్లాట్ రాక్ ఫ్యాక్టరీలో పుట్టిన బండికి మిషిగన్ చలి కొత్తా? బాబాయ్, ఎంత మంచు పడితే తీయకూడదు?

చలికాలం_బాబాయ్:
ముందు బంపర్ అంచుకి మంచు తగిలేలా ఉంటే ఏ టైర్లున్నా తీయకు, మంచు తోసుకుంటూ బండే పైకి లేస్తుంది. మంచు తోసే ప్లౌ బండి వచ్చి వెళ్లేదాకా వర్క్ ఫ్రమ్ హోమ్ అడుగు. టైర్లకి మాత్రం అక్టోబర్‌లోనే చెప్పిపెట్టు, మొదటి మంచు పడ్డాక షాపుల్లో అపాయింట్‌మెంట్ దొరకదు.